టైమ్ టేబుల్ వేసుకోవాలా, వీలుని బట్టి చదవాలా? గ్రంథాలయంలో ఒక ప్రసంగం

(జిల్లా గ్రంథాలయం రీడింగ్ హాల్లో పోటీ పరీక్షలకు చదువుకుంటున్న వాళ్ల ముందు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయిన వాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తీసేశాం, మాటలు మార్చలేదు.)

వెనక వరసలో వాళ్లకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరికి జరుపుకుంటాను. ఆ కిటికీ పక్కన నిలబడ్డ తమ్ముళ్లు ముందుకి రండి, ఇక్కడ కింద జంపఖానా వేశారు, కూర్చోండి. గంట సేపు నిలబడి వినక్కర్లేదు.

సరే. నన్ను మాట్లాడమన్న విషయం ఏంటంటే, రోజుని ప్లాన్ చేసుకుని నడపాలా, లేక ఏ రోజుకి ఆ రోజు ఎలా వస్తే అలా పోవాలా అని. ఇది ఉద్యోగం చేసేవాళ్లకి చెప్పొచ్చు, ఇల్లు నడిపేవాళ్లకి చెప్పొచ్చు, దుకాణం నడిపేవాళ్లకి చెప్పొచ్చు. నేను మాత్రం మీ గురించే మాట్లాడతాను. చాలా ఏళ్లుగా మీలాంటి పిల్లలకి ఎకానమీ చెబుతున్నాను, మీ గదులు చూశాను, మీ గోడలు చూశాను. ఈ గొడవ మీకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని నా అభిప్రాయం. మీకు ఆఫీసు లేదు, పైన అడిగేవాడు లేడు, హాజరు పట్టీ లేదు. పొద్దున లేస్తే పదిహేను గంటలు, అన్నీ మీవే. బయటివాళ్లకి ఇది హాయిగా కనిపిస్తుంది. "ఏం పనుంది వాడికి, చదువుకోవడమే కదా" అంటారు. ఆ పదిహేను గంటలు ఎంత బరువో మోసేవాళ్లకే తెలుసు.

పైగా మీకు ఇంకో కష్టం ఉంది. ఏ తేదీ కోసం చదువుతున్నారో ఆ తేదీ నిలబడదు. మన తెలంగాణలో సర్వీస్ కమిషన్ పెట్టే గ్రూప్ 2 సంగతే తీసుకోండి. 2022 డిసెంబర్ ఆఖర్లో 783 పోస్టులకి నోటిఫికేషన్ వచ్చింది. పరీక్ష 2023 ఆగస్టు 29, 30 అన్నారు. తర్వాత నవంబర్ 2, 3 అన్నారు. ఎన్నికలొచ్చాయి, 2024 జనవరి 6, 7 అన్నారు. అదీ పోయింది. ఆగస్టు 7, 8 అన్నారు, అదీ పోయింది. చివరికి 2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో జరిగింది. దాదాపు రెండేళ్లు! ఇక గ్రూప్ 1 అయితే, 2022 అక్టోబర్ 16న ప్రిలిమ్స్ రాశారు, పేపర్ లీకయిందని 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్ 11న మళ్లీ రాశారు, సెప్టెంబర్‌లో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ ఇచ్చారు, జూన్ 9న మళ్లీ ప్రిలిమ్స్, అక్టోబర్ 21 నుంచి 27 దాకా మెయిన్స్. ఈ హాల్లో ఆ మూడు ప్రిలిమ్స్ రాసినవాళ్లు ఉన్నారా? చూడండి, ఎన్ని చేతులు లేచాయో. దించండి, దించండి.

వాయిదా కావాలని రోడ్డెక్కినవాళ్లు కూడా మీలోనే ఉన్నారు, వాళ్లని నేను తప్పు పట్టను. టీచర్ పోస్టుల డీఎస్సీ, గ్రూప్ 2 పక్కపక్కనే పెడితే రెండూ రాసేవాడు ఏం చెయ్యాలి? ఆ చర్చ ఇవాళ వద్దు. నేను అడిగేది ఒకటే. తేదీని పట్టుకుని, అక్కడి నుంచి వెనక్కి రోజులు లెక్కేసి ప్లాన్ వేసుకున్నవాడి పరిస్థితి ఏంటి? ఒకసారి చింపి మళ్లీ వేస్తాడు. రెండోసారి చింపి మళ్లీ వేస్తాడు. మూడోసారి వెయ్యడు. "డేట్ ఫిక్సయ్యాక చూద్దాం లే" అంటాడు. ఇది బద్ధకం అని ఇంట్లో వాళ్లు అనుకుంటారు. కాదమ్మా, అది అలసట. నమ్మి నమ్మి అలిసిపోయినవాడు అనే మాట అది.

కాబట్టి ప్లాన్ వేసుకున్నవాడు మంచివాడు, వేసుకోనివాడు చెడ్డవాడు అనే పాఠం నేను చెప్పను. ఇద్దరి గదుల్లోకీ ఒకసారి వెళ్లి చూద్దాం.

మొదటి గది. గోడ మీద చార్ట్ పేపరు. నాలుగు రంగుల స్కెచ్ పెన్నులతో గీతలు. 4:30 నిద్ర లేవడం. 5 నుంచి 7 పాలిటీ. 7 నుంచి 7:30 స్నానం, టిఫిన్. 7:30 నుంచి 10 ఎకానమీ. ఇలా రాత్రి 11 దాకా. చాలా అందంగా ఉంటుంది, నేను చూసి మెచ్చుకున్నవి కూడా ఉన్నాయి. కానీ దగ్గరికి వెళ్లి చదవండి. బట్టలు ఉతుక్కోవడానికి అందులో చోటు లేదు. మెస్‌లో వరసలో నిలబడే టైమ్ లేదు. అమ్మ ఫోన్ చేస్తే మాట్లాడే టైమ్ లేదు. రూమ్మేట్‌కి జ్వరం వస్తే ఆస్పత్రికి తీసుకెళ్లే టైమ్ లేదు. ఒక మనిషి ఏ రోజూ జబ్బు పడకుండా, ఎవరికీ అవసరపడకుండా, ఒక్క నిమిషం కూడా కిటికీలోంచి బయటికి చూడకుండా బతుకుతాడని అనుకుంటే తప్ప ఆ చార్టు నడవదు.

సోమవారం నడుస్తుంది. మంగళవారం కూడా లాగుతాడు. బుధవారం 6:15కి మెలకువ వస్తుంది. ఇక్కడే అసలు నష్టం. పోయింది గంటా నలభై ఐదు నిమిషాలే. కానీ వాడు ఏమనుకుంటాడు? "ఎలాగూ పోయింది." ఆ మాటతో రోజంతా పోతుంది. రేపటి నుంచి మొదలుపెడదాం. కాదు, సోమవారం నుంచి అయితే బాగుంటుంది. కాదు, ఒకటో తారీఖు నుంచి. ఈ నెల పెళ్లిళ్లున్నాయి, ఉగాది నుంచి కచ్చితంగా. నవ్వుతున్నారు, కానీ ఇందులో నవ్వాల్సిందేమీ లేదు. గంట పోయినందుకు నెల పోగొట్టుకున్న పిల్లల్ని నేను చూశాను. వాళ్లు తెలివితక్కువవాళ్లు కారు, చాలా పట్టుదల ఉన్నవాళ్లు. పట్టుదల ఉండబట్టే అంత గట్టి చార్టు వేసుకున్నారు.

మనిషి తన పని గురించి తను వేసే అంచనా ఎంత తేడాగా ఉంటుందో కెనడాలో ముగ్గురు పరిశోధకులు పరీక్షించి 1994లో ప్రచురించారు. బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అని. డిగ్రీ ఆఖరి ఏడాది థీసిస్ రాస్తున్న విద్యార్థుల్ని పట్టుకుని, ఎన్ని రోజుల్లో ముగిస్తారు అని అడిగారు. సగటున 34 రోజులన్నారు. సరే, అన్నీ అడ్డం తిరిగితే ఎన్ని రోజులు పడుతుంది అని మళ్లీ అడిగారు. 49 రోజులన్నారు. నిజంగా పట్టింది 55 రోజుల పైనే. గమనించారా, అన్నీ అడ్డం తిరిగితే అని ఊహించుకుని చెప్పిన లెక్క కూడా చాల్లేదు. కాబట్టి "మూడు వారాల్లో హిస్టరీ అవగొట్టేస్తా" అని మీరనుకుంటే, మీరొక్కరే అలా అనుకోవట్లేదు, మనిషి బుర్రే అలా ఉంది.

ఇక రెండో గది. గోడ మీద ఏమీ లేదు. ఇతను అంటాడు, "సార్, నాకు మూడ్ వస్తే ఆరు గంటలు ఏకబిగిన చదువుతా, రాకపోతే పుస్తకం తెరిచినా ఎక్కదు." నిజమే చెబుతున్నాడు. కొన్ని రోజులు అలాగే కుదురుతుంది, టీ తాగడం కూడా మర్చిపోయి చదువుతాడు, ఆ రోజుల్లో చదివింది బాగా నిలుస్తుంది కూడా. ఆ సుఖాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ రెండు నెలల తర్వాత అతని పుస్తకాలు తిరగేసి చూడండి. తెలంగాణ ఉద్యమం పుస్తకం అంచులు నలిగిపోయి ఉంటాయి, ప్రతి పేజీలో గీతలే. అర్థమెటిక్ పుస్తకం కొన్న రోజు ఎలా ఉందో అలాగే ఉంది. ఎందుకు? మనసు ఎటు పోతే అటు చదివితే, అది ఎప్పుడూ తెలిసిన చోటికే పోతుంది. గ్రూప్ 2లో నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు. ఉద్యమం పేపర్లో మీకు 120 వచ్చినా, జనరల్ స్టడీస్‌లో పోయినవి ఎవరిస్తారు?

ఇంకో మోసం కూడా ఉంది ఇందులో. ఇష్టమైనదాన్ని మళ్లీ మళ్లీ చదువుతుంటే అంతా వచ్చేసినట్టు అనిపిస్తుంది. అమెరికాలో రోడిగర్, కార్పికే అని ఇద్దరు 2006లో ఒక ప్రయోగం చేశారు. కొందరికి ఒక పాఠం ఇచ్చి మళ్లీ మళ్లీ చదవమన్నారు. ఇంకొందరిని ఒకసారి చదివాక పుస్తకం మూసి, గుర్తున్నది రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే మూసి రాసినవాళ్లు బాగా ముందుకెళ్లిపోయారు. అసలు సంగతి వినండి, మాకు బాగా గుర్తుంటుంది అని ఎక్కువ ధీమాగా ఉన్నది మళ్లీ మళ్లీ చదివినవాళ్లు! అంటే "నాకు ఎక్కుతోంది" అనే ఆ అనుభూతిని నమ్ముకుని రోజుని నడపలేం. పుస్తకం మూసి రాయడం ఎవరికీ మూడ్ వచ్చి చేసే పని కాదు. అది పెట్టుకుంటేనే జరుగుతుంది.

ఇప్పుడు మీరడుగుతారు, చార్టూ వద్దంటారు, మూడూ వద్దంటారు, మరి ఏం చెయ్యమంటారు సార్ అని. చెబుతాను. మీలో సగం పైన రైతుల పిల్లలే, అందుకని మీ ఇంటి నుంచే మొదలుపెడతాను.

జూన్ 7, 8 తేదీల్లో మృగశిర కార్తె వస్తుంది. అంతకు ముందు రోహిణి, రోళ్లు పగిలే ఎండలు. ఆ ఎండల్లోనే మీ నాన్న దుక్కి దున్ని పెడతాడు, విత్తనాలు తెచ్చి ఇంట్లో పెడతాడు, అప్పు ఎక్కడ తేవాలో కూడా మాట్లాడుకుని ఉంటాడు. వాన ఏ రోజు పడుతుందో ఆయనకి తెలుసా? తెలియదు. మరి ఆయనకి ప్లాన్ లేదని ఎవరైనా అనగలరా? పత్తి పెడదామనుకున్నాడు, జులై సగం దాటినా సరైన వాన లేదు. అప్పుడు "ఎలాగూ పోయింది" అని చేను బీడు పెట్టి, వచ్చే ఏడాది మృగశిర నుంచి కచ్చితంగా అంటాడా? అనడు. కందో ఆముదమో వేస్తాడు. ఈ పనే లెక్క ప్రకారం చేసే సంస్థ హైదరాబాద్ సంతోష్‌నగర్‌లో ఉంది, కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, క్రీడా అంటారు. దేశంలో జిల్లాల వారీగా వాళ్లు ప్రత్యామ్నాయ ప్రణాళికలు తయారు చేశారు. రుతుపవనాలు రెండు వారాలు ఆలస్యమైతే ఏ పంట, నాలుగు వారాలైతే ఏ పంట, ఆరు వారాలైతే ఏది, ఎనిమిదైతే ఏది. వాన పడకపోతే ఏం చెయ్యాలన్నది వాన కోసం చూడక ముందే కాగితం మీద ఉంది. నాకు ప్లాన్ అంటే అదీ. తప్పిపోయినప్పుడు ఏం చెయ్యాలో కూడా అందులో రాసి ఉండాలి. మీ చార్టులో అది లేదు, నాలుగు రంగులున్నాయి కానీ అది లేదు.

అందుకని ఏం చెయ్యమంటానంటే, గంటలు తీసెయ్యండి. మన ఇళ్లలో గంటలు ఎప్పుడూ లేవు, పూటలున్నాయి. పొద్దున పూట, మధ్యాహ్నం, రాత్రి. మూడింటిలో రెండింటికి మాత్రమే ఒక్కో పని పెట్టండి. ఆ పని కూడా "పాలిటీ చదవడం" అని రాయకండి, అలా రాస్తే అది ఎప్పుడు అయిపోతుందో ఎవరికీ తెలియదు. "రాష్ట్రపతి అధికారాలు, పుస్తకం మూసి ఒక పేజీ రాయడం, పాత పేపర్లలోంచి 40 బిట్లు" అని రాయండి. అయిందో లేదో రాత్రికి తెలిసిపోతుంది. మూడో పూట ఖాళీ. ఖాళీ అంటే నిజంగా ఖాళీ. పొద్దున మిగిలిపోయింది ఉంటే అందులో పడుతుంది. లేకపోతే మీ ఇష్టం, ఉద్యమం పుస్తకం అయిదోసారి చదువుతారా చదవండి, క్రికెట్ ఆడతారా ఆడండి, పడుకుంటారా పడుకోండి. వచ్చినట్టు పోవడానికి ఆ పూట మీదే, అప్పుడు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

కాగితం వెనక వైపు, ఇది ముఖ్యం, వెనక వైపు "ఇలా అయితే" అని నాలుగు లైన్లు రాసుకోండి. ఆలస్యంగా లేస్తే, మొదటి పనిలో బిట్లు మానేసి, మూసి రాయడం మాత్రం చేస్తాను. ఊరికి వెళ్లాల్సి వస్తే, బస్సులో ఒక పాత పేపరు చూస్తాను, అంతే, ఊళ్లో పుస్తకం తియ్యను. జ్వరం వస్తే ఏమీ చదవను. పరీక్ష వాయిదా పడిందని ఫోన్‌లో వస్తే, ఆ సాయంత్రం అంతా తిట్టుకుంటాను, ఫ్రెండ్స్‌తో టీ తాగుతాను, మర్నాడు పొద్దున పూటకి ఏం రాసి ఉందో అదే చదువుతాను. ఇవన్నీ అయ్యాక ఆలోచిద్దాం అంటే కుదరదు, అప్పుడు మనసు మన మాట వినే స్థితిలో ఉండదు. ముందే రాసి ఉంటే ఆలోచించే పని ఉండదు.

ఇదేదో నేను కనిపెట్టింది కాదు. జర్మనీలో గోల్‌విట్జర్ అనే ఆయన దీని మీద చాలా పని చేశారు. 1997లో ప్రచురించిన ఒక ప్రయోగంలో విద్యార్థులకి, క్రిస్మస్ ముందు రోజు ఎలా గడిచిందో రాసి రెండు రోజుల్లోపు పంపమని చెప్పారు. సెలవుల్లో, పండగ పూట, ఎవరు రాస్తారు? కొందరిని మాత్రం ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే రాసి ఇమ్మన్నారు. అలా రాసిచ్చిన వాళ్లలో నూటికి 70 మంది పైగా టైముకి పంపారు. రాసివ్వని వాళ్లలో మూడో వంతు మందే పంపారు. అదే సెలవులు, అదే పండగ. తేడా అల్లా ఆ ఒక్క ముక్క ముందే అనుకోవడం.

ఇంకో మాట, ఇది టెన్షన్ ఎక్కువ ఉన్నవాళ్ల కోసం. చెయ్యాల్సింది తల్లో తిరుగుతుంటే వేరే పని మీద బుద్ధి నిలవదు. పాలిటీ చదువుతుంటే "అయ్యో అర్థమెటిక్", అర్థమెటిక్ చేస్తుంటే "అయ్యో కరెంట్ అఫైర్స్". దీనికి మందు ఆ పని పూర్తి చెయ్యడమే అనుకుంటాం. మాసికాంపో, బామైస్టర్ అని ఇద్దరు 2011లో చూపించిందేంటంటే, పూర్తి చెయ్యక్కర్లేదు, ఎప్పుడు ఎలా చేస్తామో ఖాయంగా అనుకుంటే చాలు, మనసు దాన్ని పీక్కోవడం మానేస్తుంది. కాబట్టి కాగితం మీద పెట్టడం కేవలం క్రమశిక్షణ కోసం కాదు. టీకి వెళ్లినప్పుడు టీ తాగగలగడం కోసం. అమ్మ ఫోన్ చేసినప్పుడు అమ్మతో మాట్లాడగలగడం కోసం. ప్లాన్ లేనివాడు హాయిగా ఉంటాడని అంటారు చూడండి, నేను చూసినంతలో వాడే ఎక్కువ నలిగిపోతాడు, రోజంతా ఖాళీగా ఉండి కూడా ఒక్క నిమిషం విశ్రాంతి ఉండదు.

ఒక అమ్మాయి నోట్‌బుక్ నాకు చూపించింది. పేరు చెప్పను, ఇక్కడ కొందరికి తెలిసే ఉంటుంది. సాయంత్రాలు మందుల షాపులో పని చేస్తుంది. మామూలు లాంగ్ నోట్‌బుక్, రంగులు లేవు. పేజీకి ఎడమ వైపు పొద్దున రాసింది, కుడి వైపు రాత్రి రాసింది. ఎడమ వైపు "సింధు నాగరికత, 40". కుడి వైపు "40లో 27. పట్టణాలు, నదులు తప్పు". మర్నాడు ఎడమ వైపు మొదటి లైను "పట్టణాలు, నదులు". కొన్ని రోజులు కుడి వైపు ఒకే మాట, "షాపులో స్టాక్ వచ్చింది". ఆ మర్నాడు మళ్లీ మామూలే. తిట్టుకోవడం లేదు, రెట్టింపు చదువుతానని శపథం లేదు. ఉద్యోగం వచ్చిందా అని మీ మొహాలు అడుగుతున్నాయి. రాలేదు, ఇంకా చదువుతోంది. కానీ తేదీలు అన్నిసార్లు మారినా ఆ అమ్మాయి పుస్తకంలో ఎక్కడా తేదీ మారిన ఛాయ కనిపించదు. వాయిదా పడిన రోజు కుడి వైపు రాసింది, "వాయిదా. నిద్ర". అంతే. నాకు ఆ రెండు మాటలు చదివితే గర్వంగా అనిపించింది.

ఫోన్ గురించి చెప్పమని నిర్వాహకులు అన్నారు కానీ దాని మీద ఎక్కువ చెప్పను, మీ అందరికీ తెలిసిందే. ఒకటి మాత్రం, టెలిగ్రామ్ గ్రూపుల్లో పీడీఎఫ్‌లు దించుకోవడాన్ని చదువు ఖాతాలో వెయ్యకండి. అది ఖాళీ పూటలో చెయ్యండి.

ప్రశ్నలున్నాయా? ఆ... ఆ చివర అమ్మా, మీరు లేవండి.

(ఒక శ్రోత: చిన్న బాబు ఉన్నాడనీ, ఇంటి పనితో ఏ పూటా తన చేతిలో ఉండదనీ, రెండు పూటలు పెట్టుకోవడం కుదరదనీ చెప్పారు.)

మంచి ప్రశ్న అమ్మా. నేను ఇంతసేపు హాస్టల్లో ఉండే పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని మాట్లాడాను, మీకు ఆ లెక్క సరిపోదు. మీకు ఒక్క పని చాలు రోజుకి. టైము పెట్టుకోకండి, బాబుని బట్టి పెట్టుకోండి. "బాబు మధ్యాహ్నం పడుకోగానే 20 బిట్లు" అని. వాడు పడుకునేది పన్నెండుకో, రెండుకో, మీకు పని మాత్రం సిద్ధంగా ఉండాలి. పుస్తకం, పెన్ను, ఆ పేజీ తెరిచి, వాడి ఉయ్యాల దగ్గరే పెట్టుకోండి, వాడు పడుకున్నాక ఏం చదవాలా అని వెతుక్కుంటే ఆ అరగంట కాస్తా పోతుంది. వాడు పడుకోని రోజు ఉంటుంది, ఆ రోజు వదిలెయ్యండి. ఇంకోటి, ఇది మీకు కాదు, మీ ఇంట్లో వాళ్లకి చెబుతున్నాను. ఇక్కడికి ఎవరితో వచ్చారు? మీ ఆయనేనా? తమ్ముడూ, నువ్వు కూడా లే. వారంలో ఒక్క పూట, ఆదివారం పొద్దునే అనుకో, బాబుని నువ్వు చూసుకుని ఈవిడని ఈ హాలుకి పంపించు. ఏ ఆదివారం కుదిరితే ఆ ఆదివారం అని కాదు, ప్రతి ఆదివారం. వంట కూడా నువ్వే. సరేనా? అందరి ముందు తలూపావు, సాక్షులున్నారు.

ఇంకెవరైనా? లైబ్రేరియన్ గారు గడియారం చూపిస్తున్నారు, హాలు మూసే టైమ్ అయినట్టుంది. మెయిన్స్‌లో వ్యాసం గురించి ఇందాక చీటీ పంపిన తమ్ముడు ఎవరో, గేటు దగ్గర ఉండు, నడుస్తూ మాట్లాడుకుందాం.